మూడో గమ్ము

“నీ గమ్ము తగలెయ్య! మళ్ళీ నా ఒళ్ళోనే పడింది కదయ్యా!”

పిచ్చమ్మ కారు ముందద్దానికి లోపల అంటించే మిర్రర్‌ని తెచ్చి అయూబ్ బల్ల మీద టప్పున పెట్టింది. నల్లపాడు రోడ్డు మీద కార్లకు సీటు కవర్లు, హారన్లు అమ్మి బిగించే కొట్టు అతనిది. బోర్డు మీద తన పేరు కంటే పెద్ద అక్షరాలతో ‘అంటిస్తే ఊడదు’ అని రాయించుకున్నాడు మహానుభావుడు. ఆ మాటే ఇప్పుడు పీకల మీదికి తెచ్చింది. పక్క టీకొట్టు జనం గ్లాసులు పట్టుకుని మరీ వచ్చి నిలబడ్డారు.

పిచ్చమ్మ వెనక కొడుకు చైతన్యకృష్ణ, కొత్త కోడలు బిందుమాధవి. సెకండ్ హ్యాండ్ కారు, కోడలు, ఇద్దరూ మాఘమాసంలోనే ఆ మిరప రైతుల ఇంట అడుగుపెట్టారు.

“మొదటిసారి చిటికెలో పట్టే గమ్ము వేశానమ్మా. మన ఎండకి ముందద్దం పెనంలా కాలుతుంది, అది తట్టుకోలేకపోయింది. రెండోసారి సిలికాన్ వేశాను. అది మెత్తన. గతుకుల్లో ఊగి ఊగి వదిలేసింది,” అన్నాడు అయూబ్.

“ఆ పురాణమంతా నాకెందుకు? ఈసారి గానీ ఊడిందా, ఆ బోర్డు దించెయ్యి. అంతే!”

“దించేస్తానమ్మా! అందరూ విన్నారుగా!” అయూబ్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది. లోపలికెళ్ళి రెండు ట్యూబుల గమ్ము తీశాడు. రెండూ కలిపి వేస్తే నెమ్మదిగా గట్టిపడుతుంది, గట్టిపడిందంటే ఇక ముందద్దం పగలాల్సిందే గానీ మిర్రర్ తగిలించే బిళ్ళ రాదు.

వెనకే చైతన్యకృష్ణ దూరాడు.

“అన్నా, నీకు దణ్ణం పెడతా. గట్టిది వెయ్యకు.”

“అదేంది తమ్ముడూ?”

“మిర్రర్ ఉంటే ముందు సీటు మా అమ్మది. ఊడిందనుకో, వెనక వచ్చే బళ్ళు తిరిగి చూసి చెప్పే మనిషి కావాలా? అమ్మకి మెడ తిరగదు. అప్పుడు బిందు ముందుకొస్తుంది. పెళ్ళయ్యాక మేమిద్దరం పక్కపక్కన కూర్చుంది ఆ మిర్రర్ ఊడినప్పుడే అన్నా!”

అయ్యో పాపం అనిపించింది అయూబ్‌కి. గొంతులోకి నవ్వు కూడా వచ్చింది. కానీ బయట జనం బోర్డుకేసి చూస్తున్నారు.

“నా పరువు పోతుంది తమ్ముడూ. ఇంకేదైనా అడుగు,” అని బయటికొచ్చాడు.

స్టీలు బిళ్ళని గరుకు కాగితంతో రుద్దాడు. ముందద్దాన్ని స్పిరిటుతో తుడిచాడు. గమ్ము కలిపి, బిళ్ళకి రాసి, ఊపిరి బిగబట్టి అద్దానికి అదిమి పట్టుకున్నాడు.

“రేపు పొద్దుటిదాకా దీని మీద ఎవరి చెయ్యీ పడకూడదు. పొద్దున్నే వస్తే మిర్రర్ తగిలిస్తా. ఇక ఆ దేవుడే దిగొచ్చినా పీకలేడు!”

తెల్లారింది. కొట్టు తీసేసరికి ముగ్గురూ గుమ్మంలో ఉన్నారు. పిచ్చమ్మ చేతిలో బిళ్ళ! టీకొట్టు జనం ఆమె కంటే ముందే చేరిపోయారు.

అయూబ్ దాన్ని లాక్కున్నాడు. బిళ్ళని తిప్పి చూశాడు. గమ్ము గట్టిపడకముందే సాగింది. అంటే అది ఊడలేదు, ఎవరో ఊడబెరికారు! బిళ్ళని వేళ్ళతో తడిమి, నుదుటి చెమట తుడుచుకున్నాడు. అంతే, కన్ను భగ్గుమంది.

మిరప ఘాటు!

నీళ్ళు కొట్టుకుంటుంటే అతనికి అంతా అర్థమైపోయింది. మిరప కళ్ళంలో తాలుకాయలు ఏరిన చెయ్యి ఇది. చైతన్యకృష్ణ కాయ ముట్టుకునే రకం కాదు. ఓరగా బిందుమాధవికేసి చూశాడు. ఆ పిల్ల టక్కున తల దించుకుని పమిట చాటున నవ్వాపుకుంటోంది. అమ్మ దొంగా!

“చెప్పవయ్యా! ఎందుకూడింది?” నిలదీసింది పిచ్చమ్మ.

నిజం నాలిక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట అంటే తన పరువు దక్కుతుంది. కానీ కాపురానికొచ్చి నిండా మూడు నెలలు కాని పిల్ల, ఇంతమందిలో అత్తగారి ముందు దొంగలా నిలబడాలి. అయూబ్‌కి మనసొప్పలేదు. దిగమింగాడు.

“తప్పు నాదేనమ్మా. గమ్ము సరిగ్గా కలపలేదు.”

జనం గొల్లుమన్నారు. అయూబ్ స్టూలు వేసుకుని ఎక్కి, సొంత చేతుల్తో బోర్డు దించాడు. ఎంత ఆపుకున్నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇందాకటి కంటి మంటే అనుకుని ఉంటారు చూసినవాళ్ళు. చైతన్యకృష్ణ తల్లి వెనకనుంచి రెండు చేతులూ జోడించి, పెళ్ళాన్ని వెంటబెట్టుకుని కారెక్కాడు. బిందుమాధవి ముందు సీట్లో కూర్చుంది. నవ్వుకుంటూ జనం కూడా చెదిరిపోయారు.

పిచ్చమ్మ మాత్రం “గొడుగు మర్చిపోయా, ఉండండి” అంటూ వెనక్కొచ్చింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

“ఆ బోర్డు మళ్ళీ ఎక్కించుకో నాయనా, నీ గమ్ముకేం రోగం? మావాడు ఆ మిర్రర్‌లో వెనకొచ్చే లారీల్ని చూస్తున్నాడనుకున్నావా? వెనక సీట్లో పెళ్ళాన్ని చూస్తున్నాడు! మొన్న ఎదురుగా వస్తున్న మిరప టిక్కీ బస్తాల ట్రాక్టరు కిందికి పోనివ్వబోయాడు. ముందు సీటు నాదేనని వీధి వీధంతా చాటుకున్నదాన్ని, ఇప్పుడు దిగుతానని నా నోటితో ఎట్లా చెప్పి చావను? ఈసారికి ఆ పాత గమ్ములే వెయ్యి బాబూ, నిన్నటిది పీకేసరికి నా గోళ్ళు రెండు విరిగాయి!”