రెండో తాళంచెవి

మా ఆయన గదిలోకి తలుపు తట్టకుండా వెళ్తే ఇంటి కప్పు ఎగిరిపోతుంది. పెళ్లాన్నైనా సరే, అనుమతి తీసుకోవాల్సిందే. అలాంటి మనిషి ఆ మధ్యాహ్నం తన దగ్గరున్న రెండో తాళంచెవితో పెద్దాయన గది తలుపు తీసి, నేరుగా లోపలికి నడిచారు. కూరల సంచీతో వెనకే నేను.

ఏళ్లపాటు ఫుట్‌పాత్ మీద బతికిన పెద్దాయనకు ఒక సంస్థ ఆ గది ఇప్పించింది. ఆయన కుదురుకునేదాకా మంచీచెడూ చూసే వాలంటీరు మా ఆయన.

కునుకు తీస్తున్న పెద్దాయన ఉలిక్కిపడి లేచి, తలకింది మూటను చంకన పెట్టుకున్నాడు.

"మళ్లీ ఆ మూటేనా! విప్పి సర్దుకోమని ఎన్నిసార్లు చెప్పాలయ్యా? నీకు ఉండే ఉద్దేశం లేదని గది ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇది నీ ఇల్లు!"

"నాదేనా సార్? రోడ్డు మీద పోలీసాయన లేపేవాడు. ఇక్కడ మీరు లేపుతున్నారు. ఎవరెప్పుడు వచ్చిపడతారో తెలీని చోట మూటెలా విప్పను?"

మా ఆయన నావైపు చూశారు.

"నన్ను చూస్తారేం? తలుపు తట్టడం నాకు నేర్పింది మీరేగా," అన్నాను.

ఆయన తాళంచెవి పెద్దాయన చేతిలో పెట్టారు. నన్నూ బయటికి రమ్మని, తలుపు మూసి, మెల్లగా తట్టారు.

"ఎవరూ?"

"నేనేనండీ. తప్పు నాదే."