ఐదు మాటలు

"హెల్మెట్ నా చేతికివ్వు," అంది లోర్నా. ఆగస్టు ఎండలో పొద్దుట్నుంచి ఆమె అడిగిన మూడో హెల్మెట్ అది. హెల్మెట్లు పెట్టుకుని ఒకళ్ళనొకళ్ళు ఢీకొట్టుకునే అమెరికన్ ఫుట్‌బాల్ అది; కాలేజీ జట్టులో ఆటగాళ్ళ దెబ్బలు చూడ్డమే ఆమె ఉద్యోగం.

"నాకేం కాలేదు మేడమ్! తలకి కొంచెం తగిలిందంతే," అన్నాడు కీగన్, ఇవ్వకుండా. "వచ్చే శనివారమే మొదటి మ్యాచ్. నన్ను పక్కన కూర్చోబెడితే నా చోటు ఇంకొకడు తన్నుకుపోతాడు."

"ముందు కూర్చో. ఐదు మాటలు చెప్తాను. విని, మళ్ళీ నాకు అప్పజెప్పు."

"గొడుగు, కుందేలు, ఉప్పు, కిటికీ, రైలు," గడగడా చెప్పేశాడు కీగన్. "చూశారా, బుర్ర ఎంత బాగా పనిచేస్తోందో!"

ఆ మాటలు రాసున్న కాగితాన్ని లోర్నా ఇంకా తిప్పనేలేదు.

"నేనింకా చెప్పలేదు కదరా."

కీగన్ తల దించుకున్నాడు.

"ఎవరు నేర్పారు?"

"రెజీ. పోయినేడాది మేం బట్టలు మార్చుకునే గది తలుపు వెనక రాసిపెట్టాడు. జట్టులో అందరికీ నోటికొచ్చు మేడమ్."

లోర్నా బెంచీ మీద కూలబడింది. పోయిన ఆగస్టులో, దెబ్బ తగిలిన రోజు, రెజీ కూడా ఈ ఐదు మాటలూ ఒక్కటీ తప్పకుండా చెప్పాడు. శభాష్ అని తనే హెల్మెట్ తొడిగి ఆటలోకి పంపింది. ఇప్పుడతను చదువు మానేసి, తలనొప్పితో వెలుతురు భరించలేక పగలంతా పరదాలు మూసుకుని ఉంటున్నాడు.

"ఇవ్వు నాన్నా," అంది, ఈసారి రెండు చేతులూ చాచి.