బ్రేకు బిగించినవాడు

"ఎనభై ఆరు కిలోల మనిషిని నేను బల్ల మీద పడుకోబెట్టను," అన్నాడు డాక్టరు. "లివర్ నిండా కొవ్వే. డెబ్బై నాలుగుకి దిగండి. అప్పుడు కత్తి పట్టుకుంటాను."

"ఎన్నాళ్లు టైముంది?" అంది అక్క.

"మూడు నెలలు. ఆ తర్వాత వచ్చినా నేను చెయ్యగలిగేది లేదు."

పక్క కుర్చీలో ఉన్న తమ్ముడు హమ్మయ్య అన్నట్టు వెనక్కి వాలాడు. "విన్నావుగా అక్కా. పన్నెండు కిలోలు. నీ వల్ల అయ్యే పనేనా? పద, ఇంటికి పోదాం."

అక్కకి ఆ మాట చాలు. నీ వల్ల కాదని ఎవరైనా అంటే, ఆ పని పూర్తయ్యేదాకా ఆవిడకి నిద్ర పట్టదు.

అక్క బస్సు డిపోలో విడిభాగాల స్టోరు చూస్తుంది. ఇంటి నుంచి డిపోకి ఇరవై నాలుగు కిలోమీటర్లు. మర్నాటి నుంచి బస్సు మానేసి సైకిలెక్కింది. పోనూ రానూ నలభై ఎనిమిది. మొదటి వారం మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. రెండో వారం డిపోలో పాత ఇనుము తూచే కాటా ఎక్కి నిలబడింది.

"ఇనుము ధరకి ఎంతొస్తావమ్మా?" అన్నాడు ఓ డ్రైవరు.

"నీ బస్సు కంటే ఎక్కువే వస్తాను. నా ఇంజను నడుస్తోంది," అంది.

తమ్ముడిది సైకిల్ రిపేరు షాపు. షట్టరు దించేసి రెండు నెలలైంది. పొద్దస్తమానం వరండాలో కుర్చీలో చేరగిలబడి ఉంటాడు. అక్క సంపాదన మీద పడి తింటున్నాడని వీధి వీధంతా చెవులు కొరుక్కుంది.

పోనీ, కూర్చున్నవాడు నోరు మూసుకుని కూర్చుంటాడా? "రోడ్డు రోలరొస్తోంది, జరగండి," అంటాడు. "ఇలా తొక్కితే మోకాళ్లు అరిగిపోతాయి. ముందు వాటికి చేయించాలి ఆపరేషను," అంటాడు. ఆవిడ చెమటలు కక్కుకుంటూ వచ్చేసరికి వెన్న దట్టించిన రొట్టెలు, గుడ్ల వేపుడు, కేకు బల్ల మీద సర్ది ఉంచుతాడు. తను మాత్రం ఒక్క ముక్క ముట్టడు. అక్క వాటన్నిటినీ పక్కింటి పిల్లలకి పంచిపెట్టి, ఉడికించిన కూరగాయలు ముందేసుకుని కూర్చుంటుంది.

ఒకరోజు రెండు టైర్లలోనూ గాలి లేదు. పంపు తెచ్చి కొట్టుకుంది. మర్నాడు గాలీ లేదు, పంపూ లేదు. మూడు వీధులు సైకిలు నడిపించుకుంటూ పోయి గాలి కొట్టించుకుంది.

"నడిచినా కేలరీలు ఖర్చవుతాయిరా, తెలీదా?" అంది ఆ సాయంత్రం.

ఎనభై రెండు. డెబ్బై తొమ్మిది. డెబ్బై ఏడు దగ్గర కాటా ముల్లు మొండికేసింది.

సరిగ్గా ఆ వారమే సైకిలు బరువెక్కింది. చదును రోడ్డు మీద కూడా ఎదురుగాలిలో తొక్కుతున్నట్టే ఉంది. పదో కిలోమీటరు దగ్గర దిగి, వెనక చక్రం పైకెత్తి తిప్పింది. ఒక్క చుట్టు తిరిగి ఆగిపోయింది. బ్రేకు రబ్బర్లు రిమ్ముకి రాసుకుంటున్నాయి. చూస్తే తెలియకుండా, రెండు వైపులా సమానంగా, అంత నేర్పుగా బిగించే చెయ్యి ఆవిడకి తెలిసి ఒక్కటే ఉంది.

ఇంకొకరైతే అక్కడే వదులు చేసుకునేవారు. అక్క అలాగే తొక్కింది. డిపో చేరాక చేతికున్న స్మార్ట్ వాచీలో కేలరీల లెక్క చూసుకుంది. నిన్న అదే దూరానికి అయిన ఖర్చు కంటే దాదాపు రెండు వందల కేలరీలు ఎక్కువ.

"దేవుడిలా సాయం చేశావురా," అంది ఇంటికొచ్చి. "రేపు ఇంకో అర చుట్టు బిగించు."

తమ్ముడు నవ్వలేదు. "ఆ బల్ల మీద నుంచి నువ్వు లేవకపోతే? నీ కూతురికి ఎవరు చెప్పాలి? నేనా?"

"లేస్తాను."

"నాకు భయమేస్తోందక్కా. ఇంతమందికి ఆపరేషన్ లేకుండా రోజులు గడవడం లేదా? వద్దంటే వినవేం?"

అక్క గొంతు తగ్గించలేదు. "నీ కంటే తొమ్మిదేళ్లు ముందు పుట్టాన్రా. అప్పుడు నిన్ను అడిగి పుట్టలేదు. ఇప్పుడు నిన్ను అడిగి పడుకోను."

గడువు వారం ఉందనగా డెబ్బై ఐదున్నర. ఆదివారం నూట ఇరవై కిలోమీటర్లు తొక్కింది. దారంతా వాన. ఇంటికొచ్చాక బూట్లు విప్పుకునే ఓపిక కూడా లేదు. తమ్ముడే వంగి, తిట్టుకుంటూ విప్పాడు. విప్పి, చాలాసేపు అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

గడువు రోజున ఇద్దరూ కలిసే ఆస్పత్రికి వెళ్లారు. కాటా డెబ్బై ఐదు చూపించింది. అక్క మొహం పాలిపోయింది. డాక్టరు కిందికి వంగి చూశాడు.

"కాలు తియ్యండి," అన్నాడు తమ్ముడితో.

అక్క వెనక నిలబడి, కాటా అంచు మీద బొటనవేలు ఆనించిన ఆ పెద్దమనిషి కాలు తీశాడు. డెబ్బై మూడు పాయింట్ ఎనిమిది.

స్కాన్ కూడా తీశారు. కొవ్వు కరిగింది. "ఇవాళే చేరిపోండి. రేపు పొద్దున్నే చేసేద్దాం," అంటూ డాక్టరు కాగితాలు ముందుకు జరిపాడు. అక్క గబగబా సంతకం పెట్టేసి పెన్ను తమ్ముడికిచ్చింది. వాడు దాన్ని పట్టుకుని కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

"పెట్టరా," అంది. "లేకపోతే నీ వేలు పట్టుకుని నేనే పెట్టిస్తాను. నీకు అక్షరాలు దిద్దించింది నేనేగా."

తమ్ముడు కళ్లు తుడుచుకుని సంతకం పెట్టాడు.

నర్సు వచ్చి 'లివర్ దాత' అని రాసి ఉన్న పట్టీని అక్క చేతికి చుట్టి, 'రోగి' అని రాసి ఉన్న రెండోదాన్ని తమ్ముడి పుల్లలాంటి మణికట్టుకి కట్టింది.