జిరాక్స్ క్యూలో నాలుగు గంటలు

"క్యూలో నీ ముందు ఎంతమంది ఉన్నారు?" అని అడిగింది అమ్మ.

"చాలామంది," అంది అమ్మాయి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి.

"చాలామంది అంటే? పదా, ఇరవయ్యా?"

"పది... కాదు, పదిహేను."

"పదిహేనుమందికి నాలుగు గంటలు పట్టిందా? ఒక్కొక్కరూ లైబ్రరీ మొత్తం జిరాక్స్ తీయించుకున్నారా ఏంటి?"

సోఫాలో పేపరు చదువుతున్న నాన్న, పేపరును ఇంకాస్త పైకెత్తి మొహం దాచుకున్నాడు. నవ్వితే తనూ బోనెక్కాల్సి వస్తుందని ఆయనకు తెలుసు.

మర్నాడు పొద్దున పదింటికి ప్రాసిక్యూటర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. లా ఆఖరి సంవత్సరంలో ఉన్నవాళ్ళను కూడా పిలవడం ఇదే మొదటిసారి. మూడేళ్ళుగా ఆ ఇంట్లో లా పుస్తకాలదే రాజ్యం. ఫ్రిజ్ తలుపు మీద సెక్షన్లు, అద్దం మీద సెక్షన్లు. గడ్డం గీసుకుంటూ గీసుకుంటూనే నాన్నకు దొంగతనానికీ దోపిడీకీ తేడా కంఠతా వచ్చేసింది. ఇక మిగిలింది కిందటేడు ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నలే. అవి లైబ్రరీలో ఉన్నాయంటే, జిరాక్స్ తెస్తానని ఒంటిగంటకు బయల్దేరిన అమ్మాయి ఐదింటికి ఇల్లు చేరింది.

"మధ్యలో మిషన్ కూడా ఆగిపోయిందమ్మా."

"మూడింటికి నేను లైబ్రరీకి ఫోన్ చేశాను."

"నువ్వా? ఎందుకు?"

"ప్రశ్నలు నేనడుగుతున్నాను. ఆ పిల్ల ఒకటిన్నరకే కాగితాలు తీసుకుని వెళ్ళిపోయిందని ఫోన్ ఎత్తినాయన చెప్పాడు. ఏమంటావ్?"

అమ్మాయి చూపు ఫ్రిజ్ వైపు వెళ్ళింది. వెంటనే మొహం వెలిగింది.

"అది విన్నమాట. విన్నమాట సాక్ష్యం కాదు!"

"పాయింటే," అన్నాడు నాన్న పేపరు వెనక నుంచి.

"సరే, అయితే కళ్ళతో చూసిందే మాట్లాడుకుందాం," అని అమ్మ దగ్గరికి వచ్చి, అమ్మాయి జుట్టులోంచి ఒక పాప్‌కార్న్ పలుకు తీసి అందరికీ చూపించింది. "లైబ్రరీలో ఇవి కూడా అమ్ముతున్నారా?"

వంటింట్లోంచి అమ్మమ్మ పరుగున వచ్చింది.

"అల్లుడుగారూ, మీరైనా చెప్పండి! తెల్లారితే పిల్ల ఇంటర్వ్యూకి వెళ్ళాలి. చదివి చదివి కళ్ళు గుంటలు పడిపోయాయి. ఇప్పుడీ గొడవేంటి? అయినా సొంత మనిషి కేసు సొంతవాళ్ళే వాదించకూడదని మీ పుస్తకాల్లో రాయలేదూ?"

"రాశారు అత్తయ్యగారూ. కానీ అది అద్దం మీద అతికించలేదు," అన్నాడు నాన్న.

అమ్మ ఇద్దరినీ పట్టించుకోలేదు. "తెల్లారితే ఇంటర్వ్యూ పెట్టుకుని, సినిమాకెళ్ళడానికి నీకు కాళ్ళెలా వచ్చాయే?" అంది. చివర్లో గొంతు కాస్త వణికింది. అమ్మాయి సాక్ష్యాలకు లొంగలేదు కానీ, ఆ వణుకుకు లొంగిపోయింది.

"తప్పయిపోయిందమ్మా. ఫ్రెండ్స్ ముందే టికెట్ తీసేశారు. ఇంటర్వెల్‌లో లేచి వచ్చేద్దామనే అనుకున్నా, ఒట్టు. తీరా హంతకుడెవరో తెలీకుండా ఎలా లేస్తాను?"

పేపరు కిందికి దిగింది. "ఇంతకీ ఎవరు?"

"డ్రైవరు నాన్నా."

"నేను వంటవాడనుకున్నా."

"మీరు ఊరుకోండి," అంది అమ్మ. పెదవులు బిగబట్టినా నవ్వు కళ్ళలోకి వచ్చేసింది. "నేరం ఒప్పుకుంది, పైగా మొదటిసారి. శిక్ష తగ్గిస్తున్నాను. ఈ నూట ఇరవై ప్రశ్నలూ పూర్తయ్యేదాకా నువ్వు ఈ బల్ల దగ్గర్నుంచి కదలడానికి వీల్లేదు."

"అప్పీలు చేసుకోవచ్చా?"

"అన్నం తిన్నాక."

తల్లీకూతుళ్ళు బల్లకు చెరోపక్కా కూర్చున్నారు. ప్రశ్న వినబడేది, జవాబు వినబడేది. జవాబు తప్పయితే లావుపాటి పుస్తకం ధబ్బున తెరుచుకునేది. ముప్ఫయ్యో ప్రశ్న దాకా అమ్మాయి గడియారం చూస్తూనే ఉంది. ఆ తర్వాత గడియారం సంగతే మరిచిపోయింది.

"నిందితుడే తప్పు చేశాడని మనసుకు తెలుసు, సాక్ష్యం మాత్రం లేదు. అప్పుడు ప్రాసిక్యూటరు ఏం చెయ్యాలి?"

"జుట్టులో వెతకాలి!" అని వంటింట్లోంచి అరిచింది అమ్మమ్మ.

నవ్వులు ఆగడానికే ఐదు నిమిషాలు పట్టింది. ఎనిమిదింటికల్లా నూట ఇరవయ్యో ప్రశ్న కూడా అయిపోయింది. గొంతులు రెండూ బొంగురుపోయాయి.

మర్నాడు ఆ ఆఫీసు వరండాలో బెంచీల నిండా జనం. ఒళ్ళో ఫైళ్ళు, పెదవుల మీద సెక్షన్లు. అమ్మానాన్నల మధ్య ఇరుక్కుని కూర్చున్న అమ్మాయి నిమిషానికోసారి తలుపు వైపు తొంగిచూస్తోంది. పక్కబెంచీలో కూర్చున్న ఒకావిడ జాలిపడి, "బాగా టెన్షన్‌గా ఉందా?" అని అడిగింది.

"రాత్రి నిద్రే పట్టలేదండీ," అంది అమ్మాయి.

తలుపు తెరుచుకుంది. "పదకొండో నెంబరు, లోపలికి రండి!" అన్నాడు బంట్రోతు.

అమ్మాయి ఉలిక్కిపడి అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కంగారు పడొద్దు. ప్రశ్న పూర్తిగా విను. తెలీకపోతే తెలీదని చెప్పు," అన్నాడు నాన్న మెల్లగా.

అమ్మ తన ఫైలు తీసుకుని లేచి లోపలికి వెళ్ళింది.