మైకు అక్కర్లేనివాడు

“వాడికి మైకెందుకు? బాదితే పవర్ హౌస్ దాకా వినబడతాది,” అన్నాడు యుగంధర్.

మైక్‌సెట్ అతను డ్రమ్ముల దగ్గర పెట్టిన మైకు తీసేశాడు. యుగంధర్ అంతటితో ఊరుకోలేదు. డ్రమ్ముల సెట్టు మొత్తం స్టేజీ మూలకు, పెద్ద స్పీకరు డబ్బా వెనక్కి నెట్టించాడు. ఇక కింద కూర్చున్నవాళ్లకి డ్రమ్ములు వాయించే హార్వే టోపీ తప్ప మనిషి కనపడడు.

హార్వే స్టూలు జరుపుకుని, స్క్రూలు బిగించుకుంటూ కూర్చున్నాడు. వాడలా మాట్లాడకుండా ఉంటేనే యుగంధర్‌కి ఒళ్లు మండుతుంది. తిరిగి ఒక మాటంటే తను పది అనొచ్చు కదా.

ఆ సాయంత్రం సెక్టర్ 6 వినాయకుడి పందిట్లో వాళ్ల రాక్ బ్యాండు ప్రోగ్రాం. ఏటా ఉండేదే. ఈసారి మాత్రం రాయపూర్ నుంచి ఒక పెద్ద హోటలు మేనేజరు వినడానికి వస్తున్నాడు. నచ్చితే ప్రతి శనివారం వాళ్ల హోటల్లోనే పాట. పాడేదీ యుగంధరే, లీడ్ గిటారూ యుగంధరే, బ్యాండుకి పెట్టిన పేరు కూడా తనదే. హార్వేకి ఇదే ఆఖరి ప్రోగ్రామని ముందే తేల్చేసుకున్నాడు. డ్రమ్ములు మోగించే మెషీనొకటి సుపేలా బజార్లో చూసి వచ్చాడు కూడా. ఆ సంగతి బేస్ గిటారు వాయించే రాజేశ్‌కి ఒక్కడికే చెప్పాడు.

“వాడేం తప్పు చేశాడు భయ్యా?” అన్నాడు రాజేశ్.

“ఒప్పు మాత్రం ఏటి చేశాడు? ఒక్క సోలో లేదు, స్టిక్కు గాల్లోకి ఎగరేసింది లేదు. వెనక కూర్చుని టక్కు టక్కుమని కొట్టడమే కదా. ఆ మాత్రం మెషీను కొట్టదేటి?”

దీనికి తోడు గురునాథరావొకడు.

వాళ్ల ప్రాక్టీసు యుగంధర్ వాళ్ల క్వార్టరు వెనక రేకుల షెడ్డులో. గోడకి అవతలి క్వార్టరు గురునాథరావుది. స్టీలు ప్లాంటులో ఎలక్ట్రికల్‌లో పనిచేసి రిటైరయ్యాడు. రోజూ పాట ఊపందుకునే వేళకి చేతికర్రతో గేటు మీద దబదబా బాదేవాడు.

“ఆపండెహె ఆ గోల! సెవులు సిల్లులు పడిపోతన్నాయి!”

“చూశావా, నీ మోతకే ముసలాడు మన మీద పడి ఏడుస్తున్నాడు,” అని హార్వే మీద ఎగిరేవాడు యుగంధర్. గిటారు విసిరికొట్టినంత పని చేసి ఇంట్లోకి పోయేవాడు. గురునాథరావూ వెనక్కి వెళ్లిపోయేవాడు. ఆ తర్వాత హార్వే ఒక్కడే అన్నం వేళ దాకా వాయించుకున్నా మళ్లీ వచ్చేవాడు కాదు. తిట్టి తిట్టి నోరు నొప్పెట్టి పడుకుని ఉంటాడని యుగంధర్ లెక్క.

అలాంటివాడు ఇవాళ సరిగ్గా స్టేజీ వెనకే, స్విచ్‌బోర్డు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పందిరి కరెంటు పనంతా కమిటీవాళ్లు ఏటా ఆయనకే అప్పజెబుతారు మరి.

మూడో పాట వాళ్ల సొంతపాట. కాలనీ పిల్లలందరికీ నోటికొచ్చు. యుగంధర్ కళ్లు మూసుకుని, నడుము వెనక్కి వంచి గిటారు అందుకున్నాడు.

సౌండు పోయింది.

లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. స్పీకర్లే చచ్చిపోయాయి. గిటారు తీగలు దోమ రొదంత కూడా వినపడటం లేదు. మైకులోకి అరిచాడు. అదీ లేదు.

హార్వే ఆగలేదు.

ఇంకొకడైతే ఇదే సందని వీరంగం వేసేవాడు. హార్వే అదే దెబ్బ, అదే నడక. కొంచెం చెయ్యి తగ్గించాడంతే. ముందు వరసలో ఎవరో చప్పట్లు అందుకున్నారు. వాళ్ల వెనకవాళ్లు పాట ఎత్తుకున్నారు. చరణం చివర ఆ కాస్త జాగా వదిలి హార్వే ఒక్క దెబ్బ వేస్తే, పందిరంతా ఒక్క గొంతుతో పల్లవిలోకి దిగింది. స్టేజీ ముందు యుగంధర్ మాత్రం పెళ్లి ఫొటోలో పిలవకుండా నిలబడ్డ చుట్టంలా మిగిలిపోయాడు.

సౌండు ఎలా పోయిందో అలాగే వచ్చింది. యుగంధర్ కంగారుగా పాట అందుకున్నాడు. అర దెబ్బ ముందు పడ్డాడు. అయితే ఆ సరికే హార్వే ఆ అర దెబ్బ మింగేసి యుగంధర్‌తో కలిసిపోయాడు, పాట ముందు నుంచీ అలాగే ఉన్నట్టు. ఒక్కరికీ తెలియలేదు. ఈలలు వేశారు. తన తప్పు దాచింది హార్వే కావడం యుగంధర్‌కి చెంపదెబ్బ కన్నా ఎక్కువ మండింది.

ప్రోగ్రాం అవగానే మేనేజరు స్టేజీ ఎక్కాడు. చాచిన యుగంధర్ చేతిని దాటుకుని తిన్నగా స్పీకరు డబ్బా వెనక్కి వెళ్లాడు.

“నాకు ముందు ఇతను కావాలి,” అన్నాడు హిందీలో. “మిగతావాళ్ల సంగతి తర్వాత చూద్దాం.”

యుగంధర్ మెట్లు దూకి స్టేజీ వెనక్కి పరిగెత్తాడు. సౌండు లైను ఫ్యూజు పీకిందెవరో మైక్‌సెట్ అతను అప్పటికే వేలు పెట్టి చూపించాడు. ఎప్పుడూ అంకుల్ అని పిలిచే మర్యాద కూడా మరిచిపోయాడు యుగంధర్.

“డ్రమ్ములు ఆపించాలని ఫ్యూజు పీకావా, ముసలోడా? ఏటయింది? నా గిటారు చచ్చింది, నా మైకు చచ్చింది, ఆ డ్రమ్ములొక్కటే మోగాయి! పుట్టి బుద్ధెరిగి కరెంటు పనే చేశావు కదా, డ్రమ్ములకి కరెంటు అక్కర్లేదని తెలీదేటి?”

గురునాథరావు టెస్టరు జేబులో పెట్టుకుని, కర్ర ఊతం చేసుకుని నెమ్మదిగా లేచాడు.

“తెలిసే పీకానురా, నీ గోల అడ్డం లేకుండా ఆడి వాయింపు ఒక్కపాలి నలుగురూ ఇనాలని!”