పాట ఆగే చోటు

"మీ బావ ఇకమీదట బరువు లాగకూడదు. లాగడం లేదన్న సంగతి ఆయనకి తెలియనూ కూడదు. నీ వల్ల అవుతుందా, కాదా?"

సైకిల్ షాపు గుమ్మంలో నిలబడి అక్క అడిగింది. అడగడమేమిటి, దబాయించింది. పక్కనే గోడకి ఆనించిన జంట సైకిలు. రెండు సీట్లు, రెండు జతల పెడళ్ళు. తమ్ముడు స్వయంగా అతికి తయారుచేసింది. ముందు అక్క, వెనక బావ. బావ చేతికి హ్యాండిలిస్తే రోడ్డొదిలేసి మబ్బుల్ని చూస్తాడని, కొత్తలోనే ముందు సీటు అక్క లాగేసుకుంది.

"అసలు తొక్కచ్చన్నాడా డాక్టరు?"

"తొక్కచ్చట. కాళ్ళు ఎంత తిరిగినా ఫరవాలేదట. గట్టిగా అదిమి తొక్కితేనే గుండెకి ముప్పట."

"పోనీ, కొన్నాళ్ళు ఆ వంతెన ఎక్కడం మానేయండి."

"మానేస్తే మనిషి మనకి దక్కడు." అక్క వెనక సీటు మీద చెయ్యి వేసింది. "సాయంత్రం వంతెన మీదనుంచి ఆకాశం చూడకపోతే ఆయనకి ముద్ద దిగదు. మంచాన పడ్డన్నాళ్ళూ కిటికీలోంచి అటే చూశాడురా. అలాగని నేను మోస్తున్నానని తెలిసిందా, ఇక సైకిలు ముట్టడు. ఆయన అభిమానం నీకు తెలీందేముంది?"

తమ్ముడు గోడ మేకుకి వేలాడుతున్న పళ్ళచక్రాలు రెండు తీసి చూపించాడు. ఒకటి పళ్ళెమంత, ఒకటి సాసరంత.

"పెడళ్ళ దగ్గర చిన్నది వేస్తే కాళ్ళు గిరగిరా తిరుగుతాయి, బరువు తెలీదు. పెద్దది వేస్తే ఒక్క తొక్కుకి బోలెడు దూరం పోతావు. కానీ ఎత్తు వచ్చిందా, ప్రాణం తోడేస్తుంది. మీ ఇద్దరి పెడళ్ళ నుంచీ వెనక చక్రానికి చెరో చైనుంది కాబట్టి ఎవరికి కావలసింది వాళ్ళకి వెయ్యచ్చు. ఇద్దరికీ చిన్నవి వేసెయ్యనా?"

"వేస్తే నడిచేవాళ్ళు కూడా మమ్మల్ని దాటిపోతారు. మేం పైకి చేరేసరికి ఆకాశంలో ఏం మిగులుతుంది, చీకటి తప్ప? చిన్నది ఆయనకి వెయ్యి. పెద్దది నాకు."

"పెద్దది నీ వల్ల కాదేమో అక్కా."

అక్కకి చుర్రుమంది. "ఇన్నాళ్ళూ లాగింది ఎవరనుకున్నావు? వెనక కూచుని కూనిరాగాలు తీసే మహానుభావుడా? ఇంటి దగ్గర పాట మొదలెడతాడు. వంతెన ఎత్తు రాగానే అదీ ఆపేస్తాడు. ఇక్కడ నా కాళ్ళు బొంగరాల్లా తిరుగుతుంటే, అక్కడ ఆయన నోరు తెరుచుకుని కలలు కంటుంటాడు. వెనక్కి తిరిగి నాలుగు తిడదామంటే ఇద్దరం పడతామని భయం."

తమ్ముడు ఓసారి వెనక సీటు పెడళ్ళ వైపు చూశాడు. పళ్ళచక్రాలు రెండూ మేకుకి తగిలించి, స్పానరు అందుకున్నాడు.

అక్క బెంచీ మీద కూలబడింది. పైకప్పు నుంచి వేలాడే సైకిల్ చక్రాలు గాలికి వాటంతటవే తిరుగుతున్నాయి. వాటి పుల్లల నీడలు నేల మీద సన్నటి వాన జల్లులా జారిపోతున్నాయి. చూస్తూ చూస్తూ ఆమె కునుకులోకి వెళ్ళిపోయింది. కలలో సైకిలు వంతెన చివరిదాకా వెళ్ళి, కిందికి దిగకుండా అలాగే గాల్లోకి సాగిపోయింది. తన కాళ్ళు పెడళ్ళ మీద లేనే లేవు. ఇంత తేలిగ్గా ఎలా పోతోందండీ అని ఆమె అడుగుతుంటే, వెనక బావ జవాబు చెప్పకుండా పాడుతూనే ఉన్నాడు.

కళ్ళు తెరిచేసరికి తమ్ముడు చైన్ కవర్లు బిగించేస్తున్నాడు.

"అప్పుడే అయిపోయిందా?"

"ఎంతసేపు పని? ఈ చైన్లోంచి నాలుగు లింకులు తీసి ఆ చైన్లో కలిపాను."

సాయంత్రం బావ వచ్చాడు. చొక్కా వదులైపోయింది గానీ నవ్వు అదే. వెనక సీటెక్కి పాట అందుకున్నాడు. వీధి దాటారు, మలుపు తిరిగారు. ఎదురుగా వంతెన.

మొదటి తొక్కుకే అక్క కాళ్ళు బిగుసుకుపోయాయి. పెడలు రాయిలా మొరాయించింది. సీటు మీదనుంచి లేచి, ఒళ్ళంతా బరువు వేస్తే గాని అది కిందికి దిగలేదు. మళ్ళీ రెండోది. మళ్ళీ మూడోది. చెవుల్లో హోరు. ఆయన్ని మాత్రం పైకి చేర్చాలి, అంతే. ఆ హోరులోంచే ఆమెకి పాట వినిపించింది. అది ఆగలేదు. ఎత్తు పొడుగునా, పైదాకా ఆగలేదు. ఎన్నడూ లేనిది, చరణం కూడా పాడాడు.

పైన అక్క రెయిలింగు పట్టుకుని నిలబడిపోయింది. మబ్బులన్నీ ముదురు గులాబీ రంగులో మెల్లగా నానుతున్నాయి.

"ఇవాళ ఆకాశం బాగా దగ్గరకొచ్చింది కదూ," అన్నాడు బావ. ఆమె తలూపింది. సంతోషంతో ఏడుపొచ్చింది.

తిరుగుదారిలో షాపు దగ్గర ఆగారు. బావ బయటే సైకిలు పట్టుకుని పైకి చూస్తూ నిలబడ్డాడు. అక్క లోపలికొచ్చి తమ్ముడి చెవిలో గుసగుసలాడింది.

"ఏనుగుకి వెయ్యాల్సింది నాకు వేశావేంట్రా? ఊపిరాడలేదు. మార్చమనడం లేదులే, నేనే లాగుతాను. కానీ ఆ మేకు మీదవి రెండూ ఇంకా అక్కడే ఉన్నాయి. అంత పెద్దది ఎక్కడ సంపాదించావు?"

తమ్ముడు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వీధిలోకి చూశాడు. బయట కూనిరాగం సాగుతూనే ఉంది.

"నీకు చెప్పద్దని, ఈ సైకిలు చేసినప్పుడే బావ నా దగ్గర మాట తీసుకున్నాడక్కా," అన్నాడు మెల్లగా. "నేను కొత్తదేం వెయ్యలేదు. ఇన్నాళ్ళూ బావ తొక్కింది తీసి నీకు వేశాను, నీది తీసి బావకి."