కరెంటు పోతే

ప్రార్థన చేస్తే కరెంటు తొందరగా వస్తుందా?

ఈ సందేహం మగ్దలీనమ్మకు కూతురు జెస్సీ పుట్టినప్పటి నుంచీ ఉంది. ఆ రోజు గాలివానకు మార్కాపురం మొత్తం చీకటైంది. నొప్పుల మధ్య ఆమె కరెంటు కోసం ప్రార్థించింది. కరెంటు రాలేదు. పెళ్ళిళ్ళ రోజుల్లో లైట్లు బాడుగకిచ్చే అబ్దుల్ రెహమాన్ మాత్రం పెట్రోమాక్స్ వెలిగించుకొచ్చి గడప దగ్గర పెట్టి పోయాడు. ఆ వెలుతురులోనే మంత్రసాని బిడ్డను తీసింది. మర్నాడు భర్త వరప్రసాదం బాడుగ ఇవ్వబోతే ఆయన పుచ్చుకోలేదు.

"బిడ్డ పుట్టినింట్లో బాడుగేంది తమ్ముడూ. బాకీగా ఉండనీలే."

మరి దేవుడు ఆమె మాట విన్నట్టా, విననట్టా? పాస్టరు గారిని అడగాలంటే సిగ్గు. అడగకుండానే జెస్సీ పెళ్ళి కూడా అయిపోయింది.

ఇప్పుడు మళ్ళీ ఆమె కరెంటు కోసమే ప్రార్థిస్తోంది.

ఆ వీధిలో పలకల ఫ్యాక్టరీ రాతిపొడి పీల్చని మగవాళ్ళు తక్కువ. పెద్దాయన అందరికన్నా ఎక్కువ పీల్చాడు. ఆసుపత్రి వాళ్ళు ఇంటికి పంపేస్తూ ఊపిరి మిషను పెట్టుకోమన్నారు. ముక్కులోకి గొట్టం, గొట్టంలోంచి ఆక్సిజన్. అంతా కరెంటు మీదే. మిషను గుర్రుమంటూ నడుస్తుంటే గోడ ఇవతల పడుకున్న మగ్దలీనమ్మకు నిద్ర పట్టేది. ఆగితే మెలకువ వచ్చేది.

మే నెలలో ఒక మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. కరెంటు పోయింది. మిషను కీచుమని అరిచింది. ఇలాంటప్పటికని ఉంచిన చిన్న సిలిండరును ఎవరో ఈడుస్తున్న చప్పుడు. అది జారి పడ్డ చప్పుడు. దగ్గు. ఆ తరువాత ఏమీ లేదు.

మగ్దలీనమ్మ బియ్యం చేట పట్టుకొని అలాగే నిలబడిపోయింది. పోయి చూసే ధైర్యం రాలేదు. గోడకు చెవి ఆనించింది. మళ్ళీ దగ్గు వినపడ్డాక చేట చేతిలోంచి జారింది. బియ్యం నేలపాలయ్యాయి.

ఆ సాయంత్రమే సోలారు మాట ఎత్తింది.

పొదిలిలో ఉన్న తమ్ముడు హరిబాబు చవకలో వచ్చాయని మిద్దె మీద ప్యానెళ్ళు పెట్టించుకున్నాడు. ముందు అతనికి ఫోన్ చేసింది. కరెంటు పోయినప్పుడు అవి పనిచేస్తాయా అని అడిగింది.

"లేదక్కా. నేను బ్యాటరీ పెట్టించలా. కరెంటు పోతే ఇది గూడా ఆగిపోతాది."

"ఎండ ఉంటాది గదరా?"

"ఎండ ఉన్నా అంతే."

ఆ రాత్రి ఆమెకు అన్నం సయించలేదు. నడినెత్తిన సూర్యుడుండగా ఆరిపోయే సోలారేమిటి?

బజారులో గోడకంటించిన సోలారు ప్రకటన మీది నంబరు చూసి వరప్రసాదం ఇంకొకతన్ని పిలిపించాడు. అతని పేరు ఆనంద్ బాబు. ప్యానెలు, ఇన్వర్టరు, బ్యాటరీ అన్నీ కలిపి, బయట ఒక్క బ్యాటరీకయ్యే ఖర్చుకే ఇస్తానన్నాడు. వరప్రసాదం కళ్ళు మెరిశాయి. ఆనంద్ బాబు టీ తాగుతూ హుషారుగా చెప్పుకుపోయాడు.

"సీరియల్ మధ్యలో ఆగదు పెద్దమ్మా. నాదీ పూచీ."

"సీరియల్ కాదు నాయనా. ఊపిరి మిషను."

అతను గ్లాసు కింద పెట్టాడు. తెచ్చిన కాగితాలు సంచిలో పెట్టేసుకున్నాడు.

"ఇవి పాత బ్యాటరీలు. ఫ్యానుకైతే ఇస్తా పెద్దమ్మా," అన్నాడు నెమ్మదిగా. "ఊపిరికి ఇయ్యను."

టీ సగంలోనే వదిలి పోయాడు. మంచి బేరం పోయిందని వరప్రసాదం గొణిగాడు. ఆ బేరం కుదిరి ఉంటే ఏమయ్యేదోనని మగ్దలీనమ్మ గోడ వైపు చూసింది.

మిషను వెనక ఉన్న అంకెలు అరచేతిలో పెన్నుతో రాసుకొని, చెమటకు చెరగకుండా పిడికిలి బిగించి, బస్సెక్కి గిద్దలూరు వెళ్ళింది. అక్కడ బ్యాటరీల దుకాణం కోటేశ్వరరావు ఆ అంకెలు చూసి పెద్ద బ్యాటరీలు రెండు కావాలన్నాడు. అవి మిషనుకే సరిపోతాయి, పక్కన ఒక్క ఫ్యాను తగిలించినా ఎక్కువసేపు రావు అని ముందే చెప్పాడు. రేకుల ఇల్లయితే ప్యానెళ్ళ బరువు మోయదని కూడా అన్నాడు.

"మాది నాపరాళ్ళ కప్పు," అంది మగ్దలీనమ్మ. "వైరు మాత్రం పొడుగ్గా ఇయ్యి నాయనా."

ఇంటికొచ్చి చెబితే వరప్రసాదం తలెత్తి కప్పు వైపు చూశాడు. కారుతున్న నాపరాళ్ళు మార్పించడానికే వాళ్ళు చీటీ వేశారు.

"ఇంకో వానకు తడుస్తాంలే," అంది ఆమె.

"ప్రార్థన మీద నమ్మకం పోయిందా నీకు?"

"రెండూ ఉండనీ."

 ప్యానెళ్ళు వచ్చిన రోజు వరప్రసాదమే నిచ్చెన పట్టుకున్నాడు.

వారం తిరక్కముందే పొద్దుగూకే వేళ మబ్బు కమ్మింది. పెద్ద గాలి. వీధి చివర ఏదో ఫట్‌మని పేలింది. ఇళ్ళన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయి.

మగ్దలీనమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. ఏమని ప్రార్థించాలో తోచలేదు. మిషను అరుపు కోసం ఒళ్ళంతా చెవులై ఎదురు చూసింది.

అరవలేదు. గుర్రుమంటూనే ఉంది.

"అగ్గిపెట్టె యాడ పెట్టినావే?" చీకట్లో స్టూలు తగిలి వరప్రసాదం మోకాలు పట్టుకున్నాడు. కప్పులోంచి నీళ్ళు అతని నెత్తిమీద కారుతున్నాయి.

ఆమె గోడకు చెవి ఆనించి వింటూ నిలబడింది. బ్యాటరీల నుంచి బయల్దేరిన ఆ ఒక్క వైరూ ప్రహరీ గోడ దాటి, ఇన్నేళ్ళ పెట్రోమాక్స్ బాడుగ చెల్లించడానికి, పక్కింటి రేకుల కింద పడుకున్న పెద్దాయన అబ్దుల్ రెహమాన్ మిషను దాకా పోయింది.